ఒక చిన్న యంత్రశాల నిలిచిన విధము

పల్లెలో కమ్మరి కొలిమి ఉంటుంది. పట్నంలో లేతు షెడ్డు ఉంటుంది. రెండింటిలోనూ జరిగే పని ఒక్కటే. అది లోహానికి కావలసిన ఆకారం ఇవ్వడం. అయితే కొలిమి వద్ద కంటిచూపుతోను, చేతి ఒడుపుతోను కుదిరే పని యంత్రశాలలో కొలతతో కుదరాలి. నాగలి కర్రు అంగుళంలో ఎనిమిదవ వంతు అటుయిటు అయినా భూమి దున్నుతుంది. ఇంజను పిస్టను వెంట్రుకవాసి తేడా వచ్చినా సరిగా పనిచేయదు.

చిన్న యంత్రశాలను గురించి రెండు ప్రశ్నలు వేసుకోవచ్చు. దానిని పెట్టడానికి ఏమి కావాలి? పెట్టిన తరువాత అది నిలవడానికి ఏమి కావాలి? మొదటి ప్రశ్నకు జవాబు తేలిక: కొంత స్థలం, కొన్ని పనిముట్లు, పని తెలిసిన మనిషి. రెండవ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. పనితనంలో లోటు లేకపోయినా మూతపడిన యంత్రశాలలు ఎన్నో ఉన్నాయి. 1871లో జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణంలో వెలసిన ఒక చిన్న యంత్రశాల కథను పరిశీలిస్తే ఈ రెండవ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మోటారు బండి పుట్టినది ఆ యంత్రశాల వరుసలోనే. అయితే ఇక్కడ ముఖ్యమైనది బండి కాదు. ఆ బండి పుట్టేవరకు యంత్రశాల ఎట్లా బ్రతికినదీ అనేది.

ఇంజను డ్రైవరు కుమారుడు

కార్ల్ బెంజ్ 1844 నవంబరు 25వ తేదీన కార్ల్స్‌రూహె పట్టణం చెంత జన్మించాడు. తండ్రి రైలు ఇంజను డ్రైవరు. బిడ్డకు రెండేండ్లు నిండకముందే ఆయన మరణించాడు. తల్లి బీదరికంలోనే కుమారునికి చదువు చెప్పించింది. బెంజ్ కార్ల్స్‌రూహెలోని పాలిటెక్నిక్ విద్యాలయంలో యంత్రశాస్త్రం చదివి, 1864లో, పందొమ్మిదవ యేట, బయటికి వచ్చాడు.

తరువాత ఏడేండ్లు ఆయన పలుచోట్ల పనిచేశాడు. ఒకచోట యంత్రాల కర్మాగారం, ఒకచోట త్రాసుల తయారీ, మరొకచోట వంతెనల నిర్మాణం. ఈ తిరుగుడు వృథా కాలేదు. చిత్రలేఖనపు బల్ల మీద గీచిన గీత లోహంలో ఎట్లా తేలుతుందో, ఎక్కడ తప్పుతుందో చూచే అవకాశం దీనివల్ల కలిగింది. 1871లో ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి ఆయన మాన్‌హైమ్‌లో ఒక పోతశాలను, యంత్రశాలను స్థాపించాడు.

మొదటి సంవత్సరంలోనే చిక్కులు వచ్చాయి. భాగస్వామి నమ్మదగినవాడు కాడని తేలింది. పనిముట్లు జప్తుకు వచ్చాయి.

నిలబెట్టిన సొమ్ము

ఈ సమయంలో యంత్రశాలను కాపాడినది బెర్తా రింగర్. ఆమె 1849 మే 3వ తేదీన ఫోర్ట్స్‌హైమ్ పట్టణంలో, కలిగిన ఇంట పుట్టింది. తండ్రి ఇండ్లు కట్టించే వృత్తిలో ఉన్నవాడు. బెంజ్‌తో ఆమెకు పెండ్లి నిశ్చయమై ఉన్నది. పెండ్లినాడు ఇవ్వవలసిన కట్నపు సొమ్మును ఆమె ముందుగానే తెప్పించి, రిట్టర్ వాటాను కొనడానికి బెంజ్ చేతికిచ్చింది. యంత్రశాల బెంజ్ సొంతమయింది. 1872 జూలై 20వ తేదీన వారి వివాహం జరిగింది.

ఆ రోజుల చట్టం ప్రకారం పెండ్లి అయిన స్త్రీకి తన సొమ్ము మీద స్వతంత్రమైన అధికారం ఉండేది కాదు. కనుక యంత్రశాలలో పెట్టిన ధనం ఆమెదే అయినా, ఏ పత్రం మీదా యజమానురాలిగా ఆమె పేరు లేదు. కుటుంబాల ఆసరాతో నడిచే సంస్థల చరిత్రలో ఈ సంగతి తరచు కనబడుతుంది. పెట్టుబడి పెట్టినవారి పేరు బోర్డు మీద ఉండదు.

ఈ సొమ్ము బ్యాంకు అప్పు వంటిది కాదు. అప్పుకు గడువు ఉంటుంది. గడువు దాటితే వడ్డీ, ఆపైన జప్తు. కుటుంబపు సొమ్ముకు గడువు లేదు. కొత్త యంత్రం ఎప్పుడు పూర్తి అవుతుందో ముందుగా చెప్పలేని పనికి ఇట్టి సొమ్మే తగినది. కాని దీనిలో ప్రమాదమూ ఉన్నది. యంత్రశాల మునిగితే దానితోపాటు ఇల్లూ మునుగుతుంది. బెంజ్ దంపతులు ఈ ప్రమాదపు అంచున చాలా ఏండ్లు గడిపారు. 1873లో జర్మనీలో ఆర్థిక సంక్షోభం వచ్చి, వ్యాపారాలు కుంటుపడ్డాయి. ఇంటిలో పిల్లలు పుడుతున్నారు. యంత్రశాలలో పని తగ్గుతున్నది.

యంత్రాలను తయారుచేసే యంత్రం

యంత్రశాలకు ప్రాణం లేతు. ఇది తెలుగు దేశానికి బొత్తిగా కొత్త వస్తువు కాదు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారు కర్రను తిప్పుతూ ఉలితో నునుపు చేసే తరిమెన కూడ లేతు జాతిదే. లోహపు లేతులో తేడా ఏమిటంటే, ఉలిని చేతితో పట్టుకోరు. ఉలి ఒక దిమ్మకు బిగించి ఉంటుంది. ఆ దిమ్మ తిన్నని పట్టాల మీద మరసహాయంతో కదులుతుంది. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో ఇట్టి లేతును బాగా అభివృద్ధి చేశాడు. అప్పటినుంచి పనితనంలోని నిలకడ మనిషి చేతినుంచి యంత్రపు పట్టాలకు మారింది.

కనుకనే లేతును నిలబెట్టడం ఒక ముఖ్యమైన పని. క్రింది నేల గట్టిగా ఉండాలి. పట్టాలు రసమట్టంతో చూచినప్పుడు నిలువునా అడ్డంగా సమంగా ఉండాలి. నేల ఒక మూల కుంగితే పట్టాలు మెలితిరుగుతాయి. ఆ లేతు మీద చెక్కిన కడ్డీ ఒక చివర లావుగా, ఒక చివర సన్నంగా వస్తుంది. పనివాడు ఎంత నిపుణుడైనా ఈ లోపం పోదు. యంత్రం తన తప్పును తాను చేసిన వస్తువుకు అంటిస్తుంది.

లేతును ఎంత వేగంతో త్రిప్పాలి అనేది కూడ లెక్కప్రకారం తేలే విషయమే. ఉలి అంచున నిమిషానికి ఎన్ని మీటర్ల లోహం జారిపోతుందో దానిని కోత వేగం అంటారు. కడ్డీ వ్యాసాన్ని 3.14తో హెచ్చవేస్తే చుట్టుకొలత వస్తుంది. చుట్టుకొలతను నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చవేస్తే కోత వేగం వస్తుంది. ఉదాహరణకు, 50 మిల్లీమీటర్ల వ్యాసం గల మెత్తని ఉక్కు కడ్డీని నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయాలనుకుందాము. చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు. 25,000ను 157చే భాగిస్తే సుమారు 159 వస్తుంది. అంటే లేతు నిమిషానికి 159 చుట్లు తిరగాలి. అంతకంటె చాలా వేగంగా త్రిప్పితే ఉలి మొన వేడెక్కి, పదును పోతుంది. చాలా నెమ్మదిగా త్రిప్పితే కాలం వృథా అవుతుంది. బెంజ్ కాలంలో మామూలు కర్బనపు ఉక్కు ఉలులే ఉండేవి. అవి ఎక్కువ వేడికి ఆగవు. హైస్పీడు ఉక్కు వాడుకలోకి వచ్చినది ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో మాత్రమే. కనుక ఆనాడు ఒక్కొక్క భాగం చెక్కడానికి పట్టిన కాలం నేటికంటె చాలా హెచ్చు.

వెంట్రుకవాసి విలువ

కొలతలో చిన్న తేడా ఎంత నష్టం తెస్తుందో ఇంకొక లెక్క వల్ల తెలుసుకోవచ్చు. 90 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలిండరులో పిస్టను చుట్టూ పదవవంతు మిల్లీమీటరు సందు ఉన్నదనుకుందాము. ఇది సుమారు ఒక లావుపాటి వెంట్రుకంత. కాని ఈ సందు సిలిండరు చుట్టూ వ్యాపించి ఉన్నది. చుట్టుకొలత 283 మిల్లీమీటర్లు, దానిని 0.1తో హెచ్చవేస్తే సందు వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రం వైశాల్యం కూడ ఇంతే. అంటే ఆ వెంట్రుకంత సందును వదలివేయడం, పిస్టనులో అంత బెజ్జం వేయడంతో దాదాపు సమానం. మండిన వాయువు పిస్టనును నెట్టకుండా ఆ దారిన జారిపోతుంది.

పిస్టనుకు పోత ఇనుపరింగులు తొడగడం ఇందుకే. రింగు చీలి ఉంటుంది. స్ప్రింగువలె విచ్చుకొని సిలిండరు గోడను ఒత్తి, సందును మూస్తుంది. అయినా సిలిండరు లోపలి గోడ సరియైన గుండ్రంగా లేకపోతే రింగు కూడ ఏమీ చేయలేదు. చిన్న యంత్రశాలలో కొలతపనిముట్లకు పెట్టిన డబ్బు దండుగ కాదని ఈ లెక్క తెలుపుతున్నది.

కూడు పెట్టే పని, కొత్త పని

బెంజ్ యంత్రశాల మొదట ఇంజన్లు తయారుచేయలేదు. ఇండ్ల నిర్మాణానికి కావలసిన ఇనుప సామాను, రేకును వంచి మలిచే యంత్రాలు చేసేది. ఇది కూడు పెట్టే పని. బెంజ్ మనసులో ఉన్నది మాత్రం గుర్రం లేకుండా నడిచే బండి. దానికి తేలికైన ఇంజను కావాలి. ఇది కొత్త పని.

ఈ రెండింటి నడుమ సమతూకమే చిన్న యంత్రశాలకు కీలకం. కూడు పెట్టే పని మాత్రమే చేస్తే, పెద్ద కర్మాగారం అదే వస్తువును చౌకగా చేసిననాడు యంత్రశాల మూతపడుతుంది. కొత్త పని మాత్రమే చేస్తే అది పూర్తి కాకముందే మూతపడుతుంది.

ఇంజనుకు కూడ ఒక అడ్డు ఉండినది. నాలుగు ఘాతాల ఇంజను మీద నికొలాస్ ఆటోకు 1877లో పేటెంటు లభించింది. దానిని ఇతరులు చేయరాదు. అందువల్ల బెంజ్ రెండు ఘాతాల ఇంజను వైపు తిరిగాడు. నాలుగు ఘాతాల ఇంజనులో చక్రం రెండు చుట్లు తిరిగితే ఒకసారి శక్తి పుడుతుంది. రెండు ఘాతాల ఇంజనులో ప్రతి చుట్టుకూ ఒకసారి పుడుతుంది. అయితే కాలిన వాయువును వెళ్ళగొట్టడం, కొత్త మిశ్రమాన్ని నింపడం చాలా తక్కువ వ్యవధిలో జరగాలి. ఇది కష్టమైన పని. ఎన్నో ప్రయత్నాల తరువాత, 1879 డిసెంబరు 31వ తేదీ రాత్రి, భార్యాభర్తలిద్దరు యంత్రశాలలో ఉండగా ఆ ఇంజను మొదటిసారి ఆగకుండా నడిచింది. పట్టణంలోని గుడిగంటలు కొత్త సంవత్సరాన్ని చాటుతున్న సమయమది.

భాగస్వాముల సమస్య

ఇంజను నడిచింది, కాని దానిని పదుల సంఖ్యలో తయారుచేయడానికి ధనం కావాలి. 1882లో ఒక వాటాల కంపెనీ ఏర్పడింది. దానిలో బెంజ్‌కు దక్కినది నూటికి 5 వంతుల వాటా మాత్రమే. తన ఇంజను మీద తన మాట చెల్లకపోవడంతో ఆయన 1883లో దానిని విడిచిపెట్టాడు. పన్నెండేండ్ల శ్రమ తరువాత చేతిలో యంత్రశాల కూడ లేదు.

అదే సంవత్సరం మాక్స్ రోజ్, ఫ్రీడ్రిక్ ఎస్లింగర్ అనేవారు ఆయనతో కలిశారు. వారు సైకిళ్ళ వ్యాపారం చేసేవారు. బెంజ్ అండ్ కంపెనీ అనే పేరుతో సంస్థ వెలసింది. ఒకచోట స్థిరంగా నిలిపి వాడే గ్యాసు ఇంజన్లకు గిరాకీ వచ్చి, కొద్దికాలంలోనే పనివారి సంఖ్య 25కు పెరిగింది. ఈ ఇంజన్ల రాబడి ఆధారంగానే బండి మీద ప్రయోగాలు సాగాయి.

1886 జనవరి 29వ తేదీన బెంజ్ తన మోటారు బండికి పేటెంటు దరఖాస్తు ఇచ్చాడు. దాని సంఖ్య 37435. ఆటో పేటెంటు కూడ ఇంచుమించు ఆ రోజులలోనే రద్దయింది. మూడు చక్రాల ఆ బండికి ఒకే సిలిండరు గల నాలుగు ఘాతాల ఇంజను ఉండేది. సిలిండరు వ్యాసం 90 మిల్లీమీటర్లు, పిస్టను కదలిక 150 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం 954 ఘన సెంటీమీటర్లు. సామర్థ్యం ముప్పాతిక అశ్వసామర్థ్యం. గంటకు సుమారు 16 కిలోమీటర్లు నడిచేది. ఊచల చక్రాలు, గొట్టాల చట్రం, గొలుసు – ఇవన్నీ సైకిలు నుంచి వచ్చిన అంగాలే.

దారిమీద జరిగిన పరీక్ష

బండి తయారయింది గాని, కొనేవారు కనబడలేదు. గుర్రం లేని బండిని నమ్మి దూరప్రయాణం చేసేవారెవరు? యంత్రశాల భవిష్యత్తు దీని మీదనే ఆధారపడి ఉన్నది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, పెద్దకుమారులిద్దరిని వెంటబెట్టుకొని, బండి నడుపుతూ మాన్‌హైమ్ నుంచి పుట్టినిల్లయిన ఫోర్ట్స్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం 100 కిలోమీటర్లకు పైన. అంత దూరం మోటారు బండి మీద ప్రయాణం చేసినవారు అంతకుముందు లేరు.

దారిలో ఎదురైన ప్రతి చిక్కూ ఒక పాఠమయింది. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే ఆమె తన టోపీ సూదితో శుభ్రం చేసింది. విద్యుత్తు తీగ రాపిడికి ఒరసిపోతే మేజోడు పట్టీతో దానికి కప్పు వేసింది. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ పట్టణంలో మందుల దుకాణంలో లిగ్రాయిన్ అనే పెట్రోలియం ద్రవం కొన్నది. అది మరకలు పోగొట్టడానికి అమ్మే వస్తువు. గొలుసు సాగితే ఒక కమ్మరి బాగుచేశాడు. కర్ర బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాని చేత వాటికి తోలు తొడిగించింది.

నీళ్ళు పోయడం మాత్రం తప్పని పని. ఆనాటి ఇంజనులో నీరు మరిగి ఆవిరై పోతూ సిలిండరును చల్లబరచేది. 20 డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము నీరు 100 డిగ్రీలకు రావడానికి 80 కాలరీలు, ఆవిరి కావడానికి ఇంకొక 540 కాలరీలు తీసుకుంటుంది. ఆవిరి గుప్తోష్ణం ఇంత ఎక్కువ కనుకనే చిన్న తొట్టి నీటితో ఇంజను కాలిపోకుండా ఉండినది. కాని తొట్టి త్వరగా ఖాళీ అయ్యేది. నీరు దొరికిన ప్రతిచోటా నింపుకోవలసి వచ్చింది.

ఎత్తులు ఎక్కేటప్పుడు పిల్లలు దిగి బండిని తోయవలసి వచ్చింది. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత ఆమె చెప్పిన సంగతులలో ఇది ముఖ్యమైనది. ఇంజను సామర్థ్యం మారకపోయినా, చక్రం వేగాన్ని సగానికి తగ్గించే పళ్ళచక్రాలు అమర్చితే, ఘర్షణ నష్టం పోగా, లాగే బలం ఇంచుమించు రెట్టింపవుతుంది. వేగాన్ని ఇచ్చి బలాన్ని కొనడమన్నమాట. బెంజ్ ఎత్తులెక్కడానికి మరొక గేరును చేర్చాడు. బ్రేకులకు తోలు తొడుగు కూడ నిలిచింది.

తాను చేసిన వస్తువును వాడుకలో పెట్టి, లోపం చూచి, తిరిగి యంత్రశాలకు తెచ్చి సవరించడం – యంత్రనిర్మాణంలో ఇంతకంటె మంచి పద్ధతి లేదు. ఆ ఇంటిలో ఈ పరీక్షకురాలి పని బెర్తాది.

ఖాళీ యంత్రం ఖరీదు

ఏనాటి చిన్న యంత్రశాలకైనా వర్తించే లెక్క ఇంకొకటి ఉన్నది. ఒక లేతు ఖరీదు 3,00,000 రూపాయలనుకుందాము. అది పదేండ్లు పనిచేస్తుందనుకుందాము. సంవత్సరానికి తరుగుదల 30,000 రూపాయలు. సంవత్సరంలో 300 రోజులు, రోజుకు 5 గంటల చొప్పున 1,500 గంటలు నడిస్తే, గంటకు 20 రూపాయలు తరుగుదల క్రింద పడుతుంది. పని లేక 500 గంటలే నడిస్తే గంటకు 60 రూపాయలు పడుతుంది. అదే లేతు, అదే పనివాడు. కాని చేసిన ప్రతి వస్తువు మీద భారం మూడింతలు. కనుక మూడు యంత్రాలు కొని ఖాళీగా ఉంచడం కంటె, ఒక్క యంత్రాన్ని తెరపి లేకుండా నడిపించడం మేలు.

సరకు కొనే రోజుకు, డబ్బు చేతికి వచ్చే రోజుకు మధ్య దూరం కూడ గమనించాలి. ఇనుము ఈరోజు కొంటారు. వస్తువు రెండు నెలలకు తయారవుతుంది. కొన్నవాడు ఇంకొక నెలకు డబ్బు ఇస్తాడు. ఈ మూడు నెలలూ పనివారికి కూలి, ఇంటికి బియ్యం ఎక్కడినుంచి రావాలి? లాభం వచ్చే పని చేతిలో ఉండగానే మూతపడే యంత్రశాలలు ఈ మూడు నెలలలోనే మూతపడతాయి. బెర్తా సొమ్ము మొదట పూడ్చినది ఇట్టి గండినే. ఖాతాపుస్తకంలో ఇంటి ఖర్చును, యంత్రశాల ఖర్చును వేరువేరుగా వ్రాసుకొనే కుటుంబానికి ఈ గండి ముందుగా కనబడుతుంది.

పెరుగుదల, మరల చిన్న షెడ్డు

బెంజ్ కంపెనీ 1899లో 572 బండ్లు తయారుచేసింది. ఆనాడు ప్రపంచంలో అంతకంటె పెద్ద మోటారు బండ్ల సంస్థ లేదు. అయినా సంస్థ నడక విషయంలో అభిప్రాయభేదాలు వచ్చి, కార్ల్ బెంజ్ 1903లో దాని నిర్వహణనుంచి తప్పుకొన్నాడు. 1906లో లాడెన్‌బుర్గ్ అనే చిన్న పట్టణంలో ఆయన కుమారులతో కలిసి, తండ్రీ కొడుకుల పేరుమీద మరల ఒక చిన్న కర్మాగారం స్థాపించాడు. అక్కడ తయారైనవి కొద్దివందల బండ్లు మాత్రమే. 1888లో ఎత్తుల వద్ద బండిని తోసిన పిల్లలే 1912లో ఆ కర్మాగారానికి యజమానులయ్యారు. పాత పెద్ద కంపెనీ 1926లో డైమ్లర్ కంపెనీతో కలిసిపోయింది. కార్ల్ బెంజ్ 1929లో మరణించాడు. 1944 మే 3వ తేదీన, తన 95వ పుట్టినరోజున, బెర్తా బెంజ్‌కు భర్త చదివిన కార్ల్స్‌రూహె విద్యాలయం గౌరవ సెనేటరు పదవి ఇచ్చి సత్కరించింది. రెండు రోజుల తరువాత ఆమె కన్నుమూసింది.

యంత్రశాల పెట్టడానికి ఏమి కావాలో ఈ చరిత్ర వల్ల తెలుస్తున్నది: సమంగా నిలిచిన లేతు, నమ్మదగిన కొలత, లెక్కతెలిసిన చేయి. నిలవడానికి కావలసినవి కూడ తెలుస్తున్నవి: రోజువారీ కూడు పెట్టే పని, తొందరపెట్టని పెట్టుబడి, ఆలోచించి ఎన్నుకొన్న భాగస్వాములు, తయారైన వస్తువును దాచకుండా పరీక్షించే ధైర్యం.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులను దగ్గరలో ఉన్న లేతు షెడ్డుకు ఒకసారి తీసుకొని వెళ్ళవచ్చు. అక్కడ తిరుగుతున్న కడ్డీ వ్యాసాన్ని లేతు ఆపిన తరువాత కొలిచి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో పనివానిని అడిగి, కోత వేగాన్ని లెక్కకట్టవచ్చు. చెక్కిన కడ్డీ రెండు చివరలా వెర్నియర్ కాలిపర్సుతో కొలిచి, తేడా ఉంటే కారణం ఏమిటో ఆలోచించవచ్చు. ఆ షెడ్డులో రోజుకు ఎన్ని గంటలు యంత్రం నడుస్తున్నదో, ఖాతా ఎవరు వ్రాస్తున్నారో కూడ అడగవచ్చు. చాలాచోట్ల ఆ ఖాతా వ్రాసేవారు ఇంటివారే అయి ఉంటారు.